గీటురాయికి గీటురాయి

కంసాలి దుకాణమునందు నల్లని రాయి యొకటి ఉండును. దానిపై బంగారమును గీసి, ఆ గీతను వన్నె తెలిసిన మచ్చుబంగారపు గీతతో సరిచూచి, మేలిమి నిర్ణయింతురు. ఆ రాయికి బంగారమును పుట్టించు శక్తి లేదు. ఉన్న బంగారమునకు గురిగింజ యెత్తు విలువ చేర్చు శక్తియు లేదు. అయినను అది లేనిచో అమ్మువానిది ఒక మాట, కొనువానిది మఱొక మాట. ఇరువురును ఒకే రాయిని నమ్మిననాడు గాని బేరము తెగదు.

శాస్త్రములకును ఇట్టి గీటురాళ్లు కలవు. కంప్యూటరు ప్రోగ్రాములను నిర్మించు విద్యను సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు అందురు. ఆ విద్యలో పరిశోధనలు చేయువారు తమ గీటురాయికి పెట్టుకొన్న పేరు బెంచ్‌మార్కు. ఆ రాళ్లు ఎట్లు పుట్టినవి, ఎట్లు అరిగినవి, అరిగిన సంగతి ఎట్లు బయటపడినది అనునవే ఈ ప్రసంగమునకు విషయములు.

బెంచ్‌మార్కు అను మాట మొదట భూమిని కొలుచువారిది. ఒక స్థలము సముద్రమట్టమునకు ఎంత యెత్తున నున్నదో సర్వేయర్లు నిర్ణయించి, దానికి గుర్తుగా రాతిపై గాటు చెక్కెడివారు. మన దేశమున సర్వే ఆఫ్ ఇండియా వారు నెలకొల్పిన రాళ్లపై 'జి. టి. యస్., బి. యం.' అను అక్షరములు కనిపించును. వానిలో చివరి రెండక్షరములు బెంచ్‌మార్కునకు సంకేతములు. అట్టి గుర్తునకు ఉండవలసిన లక్షణములు రెండు: అది కదలరాదు, దానిని అందఱును ఒప్పుకొనవలెను. ప్రోగ్రాముల లోకమున ఈ రెండవ లక్షణము కష్టపడి సాధింపబడినది. మొదటి లక్షణము మాత్రము ఎన్నడును పూర్తిగ సిద్ధింపలేదు. ఎందువలన సిద్ధింపలేదో ముందు చూడగలము.

కంప్యూటరు లోకమున ఈ మాట మొదట యంత్రముల వేగమును పోల్చుటకు వాడుకలోనికి వచ్చెను. బ్రిటనులో హెరాల్డ్ కర్నో, బ్రయన్ విచ్‌మన్ అనువారు రూపొందించి 1976లో ఒక వ్యాసమున వివరించిన 'వెట్‌స్టోన్' అట్టి వానిలో ప్రసిద్ధమైనది. ఆంగ్లమున ఆ మాటకు సానరాయి అని యర్థము. అయితే ఆ పేరు లీస్టర్‌షైరులోని ఒక గ్రామము నుండి వచ్చినది. 1984లో రైన్‌హోల్డ్ వైకర్ మఱొక పరీక్షను సిద్ధము చేసి, 'వెట్' అనగా తడి గనుక తనదానికి పొడి అను అర్థము వచ్చునట్లు 'డ్రైస్టోన్' అని చమత్కారముగ పేరు పెట్టెను.

ఈ పరీక్షలకు కీర్తి వచ్చిన కొలదియు ఒక విచిత్రము జరిగెను. మనుష్యుడు వ్రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు సాధనమును కంపైలరు అందురు. డ్రైస్టోనులోని కొన్ని లెక్కల ఫలితములను తరువాత ఎవరును ఉపయోగింపరు. తెలివిమీరిన కంపైలర్లు ఈ సంగతిని కనిపెట్టి ఆ లెక్కలను చేయకయే దాటవేయ నేర్చినవి. పని తగ్గెను, అంకె పెరిగెను, యంత్రము మాత్రము మునుపటిదే. అందుచేత వైకర్ 1988లో దానిని సవరింపవలసి వచ్చెను. ఆ సంవత్సరమే యంత్రనిర్మాతలు కొందఱు కలిసి 'స్పెక్' అను సంఘమును స్థాపించి, తరువాత నిజమైన ప్రోగ్రాములతో ఒక పరీక్షల కూర్పును ప్రకటించిరి. అందులో 'మాట్రిక్స్300' అను దానిని కూడ కంపైలర్లు ఒక్క కిటుకుతో లొంగదీసికొన్నవి. 1992 నాటి కూర్పున దానికి చోటు లేకపోయెను. రాతిపై చెక్కిన గుర్తును చూచి కొండ తన యెత్తును మార్చుకొనదు. పరీక్షను చూచి మనుష్యుడు తన నడత మార్చుకొనును. ప్రోగ్రాముల గుర్తు కదలుటకు మూలకారణ మిదియే.

ఇక ప్రోగ్రాములను నిర్మించు విద్య సంగతి. 1968 అక్టోబరులో పశ్చిమ జర్మనీలోని గార్మిష్ పట్టణమున నాటో ఆధ్వర్యమున ఒక సదస్సు జరిగెను. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు అను పేరు ప్రచారమునకు వచ్చినది ఆ సదస్సు మూలముననే. అప్పటికే ప్రోగ్రాములు పెద్దవగుచు, అనుకొన్న గడువునకు పూర్తిగాక, పూర్తియైనవి తప్పులతో నిండి నిర్మాతలను కలవరపెట్టుచుండెను. వంతెన కట్టు ఇంజనీరు అది మోయగల బరువునకు పూచీపడినట్లు, ప్రోగ్రాము వ్రాయువాడును తన పనికి పూచీపడగల రోజు రావలెనని వారి ఆకాంక్ష.

పరిశోధకులు వెనుదీయలేదు. తప్పులను పట్టుటకు ఒకరు, తప్పు ఏ పంక్తిలో దాగియున్నదో చూపుటకు ఒకరు, దానిని యంత్రముచేతనే దిద్దించుటకు మఱొకరు పద్ధతులు కనిపెట్టిరి. ప్రతివాడును తన పద్ధతిని తానెన్నుకొన్న ఉదాహరణముపై ప్రయోగించి, ఫలితము బాగున్నదని వ్రాసెను. తా వలచినది రంభ, తా మునిగినది గంగ అన్నట్లుండెను వ్యవహారము. ఇద్దఱి ఉదాహరణములు వేఱైనపుడు ఇద్దఱి ఫలితములను పోల్చుట యెట్లు?

ఈ చిక్కునకు మొదటి పెద్ద విడుపు దాదాపు యాదృచ్ఛికముగ లభించెను. అమెరికాలోని సీమెన్స్ పరిశోధనాలయమునకు చెందిన మోనికా హచిన్స్, ఆమె సహచరులు 1994లో ఒక వ్యాసమును ప్రకటించిరి. పరీక్షలు చాలునో చాలవో తేల్చు రెండు పద్ధతులలో ఏది మేలైనదో తెలిసికొనుట వారి యుద్దేశము. పరీక్ష యనగా నిది: ఇట్టి అంకె లోనికి పంపినచో ఇట్టి జవాబు బయటికి రావలెనని ముందుగ వ్రాసియుంచిన నిబంధన. వారు ఏడు చిన్న ప్రోగ్రాములను తీసికొనిరి. ఒక్కొక్కటి కొన్ని వందల పంక్తులకు మించదు. ఆకాశమున విమానములు ఢీకొనకుండ హెచ్చరించు సాధనమునకు సంబంధించినది అందొకటి. ఈ ప్రోగ్రాములలో బుద్ధిపూర్వకముగ ఒక్కొక్క తప్పును నాటి, ఇంచుమించు 130 దోషయుక్తమైన ప్రతులను సిద్ధపఱచిరి. ఒక్కొక్క ప్రోగ్రామునకు వేయికి పైబడిన పరీక్షలను కూడ జతచేసిరి.

ఒక వ్యాసము కొఱకు కూర్చిన ఈ సామగ్రి 'సీమెన్స్ కూర్పు' అను పేరుతో చేతులు మారి, అనేక సంవత్సరములు ఆ రంగమునకంతకును గీటురాయి యయ్యెను. 2005లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయమునకు చెందిన హ్యున్‌సూక్ డో, సెబాస్టియన్ ఎల్బామ్, గ్రెగ్ రోథర్మెల్ అనువారు దీనిని, ఇట్టివే మఱికొన్నిటిని ఒక భాండాగారమున చేర్చి ఎల్లరకును అందుబాటులోనికి తెచ్చిరి. తప్పున్న పంక్తిని వేలుపెట్టి చూపు 'టరాంచులా' అను పద్ధతిని జేమ్స్ జోన్స్, మేరీ జీన్ హారల్డ్ అనువారు ఇతర పద్ధతులతో పోల్చి, తమదే మిన్న యని 2005లో చూపినది ఈ రాయిపైననే. వాదము పోయి కొలత వచ్చినది. ఇది చిన్న లాభము కాదు.

2003లో సూజన్ సిమ్, స్టీవ్ ఈస్టర్‌బ్రూక్, రిచర్డ్ హోల్ట్ అను మువ్వురు ఈ లాభమును సిద్ధాంతముగ విప్పి చెప్పిరి. వారి మాట ప్రకారము బెంచ్‌మార్కునకు అంగములు మూడు. దేనిని దేనితో, ఏ ప్రయోజనము కొఱకు పోల్చుచున్నాము అనునది మొదటిది. నిజమైన పనికి ప్రతినిధిగ నిలుచు నమూనా పని రెండవది. ఫలితమును కొలుచు మానము మూడవది. అట్టి బెంచ్‌మార్కును కలిసి కూర్చుకొనగలిగిన పరిశోధకవర్గము తన సమస్యలేవో, మంచి జవాబు ఎట్లుండునో తనలో తాను నిర్ణయించుకొన్నట్లే యగుననియు, అందుచేత ఆ విద్య త్వరగ ఎదుగుననియు వారు వాదించిరి. ఆ వాదమున సత్యము కలదు. కాని వారు చెప్పిన రెండవ అంగము, అనగా నమూనా పని నిజమైన పనికి ప్రతినిధియగుట, అతి దుస్సాధ్యమని తరువాతి చరిత్ర తేల్చెను.

మనుష్యుడు కావలెనని నాటిన తప్పునకును, పని తొందరలో తెలియక చేసిన తప్పునకును భేదము లేదా? ఈ ప్రశ్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన రెనే జస్ట్, దారియూష్ జలాలీ, మైకేల్ ఎర్న్‌స్ట్ అనువారిని ముందుకు నడిపెను. వారు 2014లో 'డిఫెక్ట్స్4జె' అను కూర్పును ప్రకటించిరి. లోకమున నిజముగ వాడుకలోనున్న ఐదు జావా ప్రోగ్రాముల చరిత్రను త్రవ్వి, వానిని వ్రాసినవారు నిజముగ చేసి, నిజముగ దిద్దిన 357 తప్పులను ఏరిరి. ప్రతి తప్పునకును దిద్దుబాటునకు ముందు విఫలమై, తరువాత నెగ్గు పరీక్ష యొకటి ఉండవలెనని నియమము పెట్టుకొనిరి. దిద్దుబాటుతో కలిసిపోయిన ఇతరమైన మార్పులను చెఱిగి వేఱుచేసిరి. బియ్యములో రాళ్లేరునట్టి ఓపిక గల పని యిది. ఇట్టి పనికి పేరు ఆలస్యముగ వచ్చును.

దాని ఫలితము 2017లో కనబడెను. స్పెన్సర్ పియర్సన్, జోసే కాంపోస్, రెనే జస్ట్ మొదలగువారు తప్పున్న చోటును చూపు పద్ధతులను గూర్చి అంతవఱకు ప్రకటితమైన పది నిర్ణయములను మరల పరీక్షించిరి. మొదట 2,995 కృత్రిమమైన తప్పులపై ప్రయోగించిరి. పదింట ఏడు నిర్ణయములు సరియేయని తేలెను. తరువాత అవే ప్రోగ్రాములలోని 310 నిజమైన తప్పులపై ప్రయోగించిరి. అప్పుడు ఒక్క నిర్ణయమును నిలువలేదు. కొన్ని తలక్రిందులయ్యెను, తక్కినవానిలో పద్ధతుల మధ్య చెప్పుకొనదగినంత తేడాయే కనబడలేదు. ఏండ్ల తరబడి పరిశోధకులు ఒకరినొకరు మించుచు వచ్చినది నిజమే. వారు మించినది నాటిన తప్పుల లోకమున.

అయితే నిజమైన తప్పులను ఏరి తెచ్చినంతమాత్రమున కష్టము తీరదు. కొలత సరిగ లేనిచో మంచి నమూనాయు మోసగించును. ఇందుకు తార్కాణము యంత్రముచేత తప్పులను దిద్దించు ప్రయత్నముల చరిత్రలో కలదు.

వెస్ట్‌లీ వైమర్, క్లెయిర్ లె గూస్, స్టెఫనీ ఫారెస్ట్ మొదలగువారు 2009లో 'జెన్‌ప్రోగ్' అను సాధనమును లోకమునకు పరిచయము చేసిరి. తప్పుగల ప్రోగ్రాములోని వాక్యములను అది ఒకచోట తొలగించి, ఒకచోట చేర్చి, ఒకదానికి బదులు మఱొకటి నిలిపి, అనేక రూపాంతరములను పుట్టించును. పరీక్షలలో ఎక్కువ నెగ్గినవానిని ఉంచుకొని, వాని నుండి మరల క్రొత్తవానిని పుట్టించును. జీవజాతుల పరిణామమును పోలిన పద్ధతి యిది. 2012లో వారు 105 నిజమైన తప్పులపై దీనిని ప్రయోగించి, 55 తప్పులను ఒక్కొక్కటి సుమారు 8 డాలర్ల ఖర్చుతో దిద్దినట్లు ప్రకటించిరి. ఆ వార్త గొప్ప సంచలనము కలిగించెను.

మూడేండ్ల తరువాత, 2015లో, మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో మార్టిన్ రైనార్డ్, ఆయన సహచరులు ఆ దిద్దుబాట్లను ఒక్కొక్కటిగ విప్పి చదివిరి. కొన్ని పరీక్షలు ప్రోగ్రాము ఇచ్చిన జవాబును చూడక, అది సవ్యముగ ముగిసినట్లు సంకేత మిచ్చెనా లేదా అను నంతమాత్రమే చూచుచుండెనని తెలిసెను. అట్టి పరీక్షకు జవాబే ఇయ్యక ముగిసిన ప్రోగ్రామును ఉత్తమమైనదే. ప్రకటింపబడిన దిద్దుబాట్లలో అత్యధికము తప్పున్న పనిని సరిచేయుటకు బదులు ఆ పనినే తొలగించి యుండెను. ఎలుకలున్నవని ఇంటికి నిప్పుపెట్టినట్లయ్యెను. నిజముగ సరియైన దిద్దుబాట్లు పొందిన తప్పులు 105లో 2 మాత్రమే. ఈ సంగతిని కన్నులకు కట్టించుటకు వారు 'కాళి' అను ఒక సాధనమును చేసిరి. అది ప్రోగ్రాములోని పనులను తొలగించుట తప్ప మఱేమియు ఎఱుగదు. సరియైన దిద్దుబాట్ల లెక్కలో అదియు వెనుకటి సాధనములకు తీసిపోలేదు!

ఈ కథను విని జెన్‌ప్రోగ్ కర్తలను నిందించువారు దాని సారమును గ్రహింపనివారే. వారు తమ 105 తప్పులను, తమ పరీక్షలను, తమ యంత్రము చేసిన దిద్దుబాట్లను ఎవరైనను చూచుకొనునట్లు బహిరంగముగ ఉంచిరి. అట్లుంచుటచేతనే ఇతరులు వానిని చదివి తప్పు పట్టగలిగిరి. దాచుకొన్నచో 55 అను అంకె నేటికిని తిరుగులేనిదిగ నిలిచియుండును. 2015లోనే లె గూస్ బృందము 9 ప్రోగ్రాముల నుండి ఏరిన 185 తప్పులతో 'మెనీబగ్స్' అను కూర్పును ప్రకటించెను. అదే సంవత్సరము ఆమెయు మఱికొందఱును, పరీక్షలకు తగినట్లు వంగిపోవు దిద్దుబాట్ల దోషమునే ప్రశ్నగ తీసికొని వేఱొక వ్యాసమును వ్రాసిరి. తన పనికి తానే గీటు పెట్టుకొనుట శాస్త్రజ్ఞునకు తగిన లక్షణము.

ఇటీవలి సంవత్సరములలో మనుష్యభాషను చదివి ప్రోగ్రాములను వ్రాయు కృత్రిమ మేధ యంత్రములు వచ్చినవి. వానితో పాత చిక్కులు క్రొత్త వేషములు వేసికొని వచ్చినవి. ఈ యంత్రములు లోకమున బహిరంగముగ నున్న ప్రోగ్రాముల నెల్ల ముందుగనే చదివియుండును. కనుక వానికి పాత ప్రశ్న నిచ్చుట ప్రశ్నపత్రము బయటపడిన తరువాత పరీక్ష పెట్టుట వంటిది. ఈ భయముచేతనే ఓపెన్ఏఐ సంస్థవారు 2021లో 164 చిన్న ప్రశ్నలను క్రొత్తగ తమ చేతితో వ్రాయించి, 'హ్యూమన్ఎవాల్' అని పేరు పెట్టిరి. ఆనాటి వారి యంత్రము మొదటి ప్రయత్నమున నూటికి 28.8 వంతు సాధించెను. 2023లో మఱికొందఱు పరిశోధకులు ఆ ప్రశ్నలకే పరీక్షల సంఖ్యను ఎనుబది రెట్లు పెంచి చూచిరి. యంత్రములకు వచ్చిన మార్కులు తగ్గుట యటుండ, ప్రశ్నలతో పాటు ఇచ్చిన ప్రమాణపు జవాబులలోనే కొన్ని తప్పులు బయటపడినవి.

2023 అక్టోబరులో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమువారు, వారి సహకారులు 'ఎస్‌డబ్ల్యుఈ బెంచ్' అను కూర్పును ప్రకటించిరి. పైథాన్ భాషలో వ్రాసిన 12 ప్రసిద్ధ ప్రోగ్రాముల వాడుకదారులు పంపిన ఫిర్యాదుల నుండి 2,294 నిజమైన సమస్యలను అందు చేర్చిరి. వారు ప్రయోగించి చూచిన యంత్రములలో మేటిది సాధించినది నూటికి 1.96 వంతు. మఱుసటి సంవత్సరము అంకెలు వేగముగ పెరుగుచుండగా, 2024 ఆగస్టులో ఓపెన్ఏఐ వారు 93 మంది ప్రోగ్రాము నిర్మాతలను కూర్చుండబెట్టి, ఆ సమస్యలలో 1,699 ఏరి, మనుష్యుల కన్నులతో చదివించిరి. కొన్నిటిలో ప్రశ్నయే స్పష్టముగ లేదు. కొన్నిటిలో సరియైన జవాబును కూడ తప్పని త్రోసివేయు పరీక్షలుండెను. నూటికి 68 వంతులకు పైగ పక్కన పెట్టవలసి వచ్చెను. ఏరగా మిగిలినవానిలో నుండి 500 సమస్యలతో క్రొత్త కూర్పు వెలువడినది.

ఇన్ని కథలలోను ఒకే క్రమము కానవచ్చును. మొదట కొలత లేనిచోట కొలత పుట్టును. విద్య ముందునకు సాగును. తరువాత ఎల్లరును ఆ కొలతనే గుఱిగ పెట్టుకొందురు. అంకె పెరుగును, ప్రయోజనము వెనుకబడును. అప్పుడెవరో ఒకరు ఓపికతో అంకెల వెనుకకు పోయి, ఫలితములను ఒక్కొక్కటిగ చదువుదురు. పాత రాయి అరిగినదని తెలియును. క్రొత్త రాయి వచ్చును. ఈ క్రమమును చూచి బెంచ్‌మార్కులే వద్దనుట తొందరపాటు. సీమెన్స్ కూర్పు లేకున్నచో పోల్చుట యనునదే అలవాటు కాకపోయెడిది. పోల్చుట అలవాటు కాకున్నచో నాటిన తప్పులు చాలవను సంగతియు తెలియకపోయెడిది. మొదటి రాయిలోని లోపమును పట్టుటకు రెండవ రాయి కావలసి వచ్చెను.

ఈ విషయము పరిశోధకులది గదా, గృహస్థులమైన మన కేమి యని కొందఱు తలంపవచ్చును. బ్యాంకు ఖాతా, రైలు టిక్కెట్టు, ఆసుపత్రిలోని యంత్రము, చేతిలోని ఫోను, ఇవన్నియు ప్రోగ్రాముల వలన నడచునవే. వానిని వ్రాయు పనిలోను, దిద్దు పనిలోను మనుష్యుని సరసన యంత్రము కూర్చుండు కాలము వచ్చినది. ఫలానా యంత్రము నూటికి ఇంత సాధించెనని పత్రికలలో తఱచు చదువుచున్నాము. అట్టి అంకె కనబడినపుడు అడుగదగిన ప్రశ్నలు మూడు. ఆ పరీక్షలోని పని మన నిత్యజీవితపు పనిని పోలియున్నదా? యంత్రము ప్రశ్నలను ముందుగ చూచియుండలేదని నమ్మక మేమి? నెగ్గినవని చెప్పిన జవాబులను పరీక్షకు వెలుపల ఎవరైనను విప్పి చదివిరా? ఈ మూడవ ప్రశ్నకు అవునను జవాబు వచ్చుట అరుదు, ఏలయన ఆ పని నెమ్మదియైనది, ఖర్చుతో కూడినది. జెన్‌ప్రోగ్ చేసిన 55 దిద్దుబాట్ల సంగతి తేలినది అట్టి పనివలననే.